నువ్వు లేచి నవ్వని షాట్

వీరేశానికి,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే "ఏమున్నది, పండుకున్న షాటే గద" అంటావు. నువ్వు వెళ్ళి ఇవాళ్టికి పది నెలల పన్నెండు రోజులు. నేను బాగానే ఉన్నాను. కుడి మోకాలు మొండికేస్తోంది, బడిలో పదో తరగతి పిల్లలు మొండికేస్తున్నారు... రెండూ నీకు తెలిసినవే.

నలుగురిలో నిన్ను మీరు అనేదాన్ని, ఇంట్లో నువ్వు అనేదాన్ని. ఇది ఇంటి మాట కాబట్టి నువ్వే.

నీ సినిమా పూర్తి చేస్తున్నాను. ముందు ఈ మాట చెప్పాలి, మిగతావన్నీ దీని తర్వాతే. ఈ పది నెలల్లో దాన్ని ఆపమన్నవాళ్ళంతా నువ్వంటే ప్రాణం పెట్టేవాళ్ళే. పగవాళ్ళయితే కొంగు బిగించి పోట్లాడేదాన్ని. నిన్ను ప్రేమించేవాళ్ళతో ఎలా పోట్లాడాలో నువ్వు నేర్పలేదు. అయినా నేర్చుకున్నాను. వచ్చే ఆదివారం కృష్ణానగర్‌లో హాలు మాట్లాడాం. మొన్నటికి అంతా అయింది, ఒక్క షాట్ తప్ప. ఏ షాటో నీకు తెలుసు.

పోస్టర్ మీద వేయడానికి నీ గురించి నాలుగు ముక్కలు రాసిమ్మన్నాడు సలీం భాయ్. ఇన్నేళ్ళూ నీ డాక్యుమెంటరీలు కూర్చిన ఎడిటర్ కదా, తనే రాయొచ్చు. భాభీ, మీరే రాయాలె అని కూర్చున్నాడు. ఫిలింనగర్‌లో ఆ ఇరుకు ఎడిటింగ్ రూమ్‌లో, చల్లారిన చాయ్ ముందు పెట్టుకుని, కాగితం తీశాను. నాలుగు ముక్కల్లో ఏం రాయను?

జగిత్యాల పక్క పల్లె నుంచి హీరో అవుదామని వచ్చాడని రాయనా? మీ అన్నయ్య జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాత ఇంట్లో కారు నడిపేవారు. ఒకరోజు ఖాళీ కారులో నిన్ను కూర్చోబెట్టుకుని స్టూడియో గేటు దగ్గర దించారు. ఆ గేటు దాటడానికి నీకు రెండేళ్ళు పట్టింది. మొదటి వేషం పోస్ట్‌మాన్. ఒక్కటే డైలాగు. అదీ డబ్బింగ్‌లో నీ గొంతు తీసేసి ఇంకెవరి గొంతో పెట్టారు. నీ యాసకి జనం నవ్వుతారట. అప్పటికి మన పెళ్ళయి ఏడాది. హాల్లో పక్కపక్కనే కూర్చుని చూస్తున్నాం. తెర మీద నీ నోట్లోంచి మా తెనాలి మాట వస్తుంటే నా వైపు వంగి, "నీ పుట్టింటోళ్లు నా గొంతుల కూసున్నరే" అన్నావు. నేను పకపకా నవ్వాను. నువ్వు నవ్వలేదని ఇంటికొచ్చాక గానీ నాకు తట్టలేదు.

తర్వాత వాళ్ళకి నీ మొహం దొరికింది. మొహం మాత్రమే. ఒక సినిమాలో హీరో నాన్న చిన్నప్పుడే పోయాడు, గోడ మీద దండ వేసిన ఫోటో కావాలి. నిండు మొహం, నెమ్మది చూపు, ఇతను పోయాడంటే ఎవరైనా అయ్యో అంటారు అన్నాడట ఆ డైరెక్టర్. అంతే! ఆ తర్వాత ఎన్ని గోడల మీద వేలాడావో లెక్కల టీచర్నయినా లెక్కపెట్టడం మానేశాను. నీ ముందు నిలబడి హీరోలు ప్రతిజ్ఞలు చేశారు. నీ ముందు దీపం పెట్టి హీరోయిన్లు కళ్ళు తుడుచుకున్నారు. నువ్వు మాత్రం ఆ పూట ఇంట్లోనే ఉండి నా చేతి ఉప్మాకి వంకలు పెడుతుండేవాడివి.

ఫోటో నుంచి పాడె మీదికి ప్రమోషన్ వచ్చింది. "ఇగ బరాబర్ యాక్టర్నయిన" అన్నావు. శవంగా పడుకోవడం అంత తేలికేం కాదని అప్పుడే నాకు చెప్పావు. ఊపిరి పొట్టలోకి పోకూడదు, ఈగ వాలినా రెప్ప కదలకూడదు, లైట్ల వేడికి చెమట పట్టకూడదు. పట్టకుండా ఎలా ఉంటుందో ఆ దేవుడికే తెలియాలి.

పోస్టర్ చదివేవాళ్ళకి నవ్వు షాట్ గురించి తెలియదు కదా, అదొకటి రాయాలి. శవం షాట్ అయ్యాక కెమెరా ఆపరు. పడుకున్నవాడు లేచి కూర్చుని, దండ తీసేసి, కెమెరాలోకి చూసి నవ్వాలి. అప్పుడు గాని కట్ చెప్పరు. నవ్వకుండా పాడె దిగితే ఆ మనిషికి కీడని నమ్మకం. ఎంత పెద్ద డైరెక్టరైనా, ఎంత చదువుకున్న కెమెరామన్ అయినా ఇందులో మాత్రం మొండి ధైర్యం చేయడు. ఆ నవ్వు ఏ సినిమాలోనూ కనపడదు. ఎడిటింగ్‌లో ముందు పారేసేది దాన్నే.

నువ్వు ఒక్కసారి ఆ నవ్వు నవ్వలేకపోయావు. జూబ్లీ హిల్స్‌లో ఆ తెల్ల బంగళా... పొద్దున హీరో ఇల్లు, మధ్యాహ్నం విలన్ ఇల్లు అయ్యే ఆ బంగళాలోనే. హాలు మధ్యలో నిన్ను పడుకోబెట్టారు. నీ తలాపున కూర్చుని ఏడవడానికి కృష్ణానగర్ నుంచి నర్సవ్వను పిలిపించారు. సినిమాల్లో శవాల దగ్గర ఏడవడమే ఆమె పని. ఆ రోజు ఆమె ఏడుపుకి సెట్టంతా చప్పుడు లేకుండా అయిపోయిందట. డైరెక్టర్ చప్పట్లు కొట్టాడు. నువ్వు లేచేసరికి ఆమె నీ చెవి దగ్గర చెప్పింది, వారం కింద తన పెనిమిటి పోయిండని, ఇంట్ల ఏడ్వనీకి తీరలేదని, గీడ ఏడ్చిన అని. కెమెరా ఇంకా నీ మీదే ఉంది. అందరూ నవ్వు నవ్వు అంటున్నారు. నాలుగోసారికి పెదాలు సాగదీసి వచ్చేశావు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని నువ్వన్న మాట నాకు పొల్లు పోకుండా గుర్తుంది. "ఆమె నిజం ఏడిస్తే మనోళ్లు యాక్టింగ్ అని చప్పట్లు కొట్టిన్రు. గా నిజం ఎవరు తియ్యాలె సుభద్రా?"

ఎవరు తియ్యాలి అంటే నువ్వే తీశావు. ఎవరినో బతిమాలి ఒక పాత కెమెరా తెచ్చావు. నర్సవ్వ గదిలో స్టవ్వు పక్కన కూర్చుని ఆమెను మాట్లాడనిచ్చావు. మైకు పట్టుకునేవాళ్ళు లేరని ఆదివారాలు నన్ను లాక్కెళ్ళావు. వెంగళరావు నగర్ నుంచి కృష్ణానగర్ దాకా ఆటోలో, ఒళ్ళో కెమెరా పెట్టుకుని, పసిబిడ్డను పట్టుకున్నట్టు కూర్చునేవాడివి. చేతులు లాగేస్తున్నాయని నేను మైకు కిందికి దించితే కసిరేవాడివి. "నాది అరువు గొంతు. గీళ్లది అట్ల కావద్దు. జర పైకెత్తు!"

డాక్యుమెంటరీ అంటే అప్పటికి నాకు సినిమాకి ముందు వేసే వార్తల రీళ్ళే. నీకూ అంతకన్నా ఎక్కువ తెలియదని తర్వాత ఒప్పుకున్నావు. నర్సవ్వ సినిమాని ఆ గల్లీలోనే గోడకి దుప్పటి కట్టి వేశావు. అందులో మొదటిసారి నీ గొంతు విన్నాను, నీ యాసలో, నీ తడబాటుతో. పక్కింటివాళ్ళు ఇదేం సినిమా అని లేచి వెళ్ళారు. నర్సవ్వ మాత్రం కదల్లేదు. చివర్లో నీ తల మీద చెయ్యి పెట్టింది. ఏ అవార్డు కోసమూ నువ్వు ఎదురుచూడకపోవడానికి కారణం అదేనా? అడగాలనుకునేదాన్ని... అడగలేదు.

తర్వాత వేషాలిచ్చే మేనేజర్లు నిన్ను పిలవడం తగ్గించారు. శవం వేషానికి వచ్చినవాడు చేతిలో కెమెరాతో వస్తే ఎవరికి బాగుంటుంది? హీరోకి బదులు మెట్ల మీంచి దొర్లే వాళ్ళ గురించి తీశావు, మేకప్ వేసే చేతుల గురించి తీశావు. గోడల మీద నువ్వు కనిపించడం మానేశావు. బాధగా లేదా అని ఒకసారి అడిగితే "ఫొటోల ఉండుడు కన్న ఫొటో తీసుడు నయం" అన్నావు. అది నిజమేనా, నా కోసం అన్నావా?

ఆఖరిది ఈ "లేచి నవ్వు". పారేసిన నవ్వు షాట్లన్నీ పోగుచేస్తానన్నప్పుడు నీకు పిచ్చి ముదిరిందనుకున్నాను. ఎడిటింగ్ రూమ్‌ల చుట్టూ చెప్పులరిగేలా తిరిగావు. హీరో తాతగా ఎప్పుడూ పోయే ఆయన, రెండో పెళ్ళాంగా ఎప్పుడూ పోయే ఆమె, పెళ్ళిలో గుండె ఆగిపోయే పెళ్ళికూతురి తండ్రి... ఒక్కొక్కరూ పాడె మీంచి లేచి కెమెరాలోకి నవ్వుతున్నారు. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, ఆ నవ్వినప్పుడు మనసులో ఏముందో అడిగావు. ఇంత సరదా సినిమా నువ్వెప్పుడూ తీయలేదు.

ఇక ఆ ఆదివారం.

మన డాబా మీద, మిట్ట మధ్యాహ్నం. శవంగా ఎలా పడుకోవాలో నువ్వే చేసి చూపిస్తానన్నావు. బొంగులు కట్టి పాడె నువ్వే చేశావు. ముక్కులో దూది నువ్వే పెట్టుకున్నావు. దండ మాత్రం నన్ను వేయమన్నావు, నేను వేయనని గొడవపడ్డాను, చివరికి వేశాను. కెమెరా స్టాండు మీద. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మైకు దగ్గర. ఎంత బాగా పడుకున్నావంటే ఊపిరి ఉందో లేదోనని నీ పొట్ట వైపే చూశాను. అది చూడలేక తొందరపెట్టాను. నువ్వు లేచేలోపే కెమెరా బటన్ నేనే నొక్కేశాను. నువ్వు లేచి, "అరె, నవ్వు షాట్ తియ్యలే గదనే!" అన్నావు. రేపు తీసుకుందువులే అన్నాను. నీకు నమ్మకాల్లేవు, నాకు అసలే లేవు. ఆ రేపు, ఎల్లుండి, వచ్చే ఆదివారం... అలా వాయిదా పడుతూ పోయింది.

మూడు వారాలకి, బంజారా హిల్స్‌లో ఎవరినో కలవాలని బయల్దేరుతూ, బూటు తాడు కట్టుకోవడానికి వంగావు. మళ్ళీ లేవలేదు.

నీ పాడె చుట్టూ కూర్చున్నవాళ్ళంతా నటులే. ఫ్లెక్సీకి మంచి ఫోటో ఒకటి కావాలంటే బీరువాలో వెతికాను, అన్నీ సినిమా గోడల మీదివే. అందులోంచే ఒకటి ఇచ్చాను. దండతో సహా రెడీగా ఉంది. నవ్వొచ్చింది తెలుసా? అంతలోనే నిన్ను ఎత్తుతున్నారు. అందరూ నీ మొహం వైపు చూశారు, అలవాటు కొద్దీ. నేనూ చూశాను. లేస్తావేమోనని చూశాను వీరేశం. ఇంత చదువుకుని, ఇన్నేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి, నువ్వు లేచి నవ్వుతావేమోనని చూశాను.

నవ్వు షాట్ తీయలేదన్న సంగతి ఎలా బయటికి వచ్చిందో తెలియదు. కర్మ రోజున నేనే ఏడుస్తూ ఎవరితోనో అన్నట్టున్నాను. కృష్ణానగర్ అంతా పాకిపోయింది. మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది. ఆ బటన్ నొక్కిన వేలు చూసుకుంటూ ఎన్ని పొద్దులు కూర్చున్నానో. వంగిన మనిషి గుండె ఆగిపోవడానికీ ఈ వేలికీ ఏం సంబంధం? ఏమీ లేదు. నాకు తెలుసు. తెలిసినా కూర్చున్నాను.

ఆరు నెలల తర్వాత సలీం భాయ్ ఫోన్ చేసి, హార్డ్‌డిస్క్ ఏం చేయమంటారని అడిగాడు. ఆ రోజే లేచాను. నువ్వు అడిగి అడిగి పోగేసిన నవ్వులు నా భయం వల్ల డబ్బాలో పడి ఉంటాయా? అలా జరగనిస్తే నేను నీ భార్యనే కాదు.

అయితే నువ్వు మాట్లాడించిన వాళ్ళలో ముగ్గురు, తమ షాట్లు తీసేయమని కబురు పెట్టారు. శవాల సినిమా తీసినందుకే ఆయన పోయాడని వాళ్ళ భయం. మీ అన్నయ్య ఇంటికొచ్చి కుర్చీ అంచున కూర్చున్నారు. బావగారు నా ముందు ఎప్పుడైనా కళ్ళ నీళ్ళు పెట్టుకోవడం చూశావా? తనే నిన్ను కారులో ఎక్కించుకుని ఆ గేటు దగ్గర దించినోణ్ణని, నిన్ను పాడె మీద ఒక్కసారి చూసిన కండ్లతో మళ్లీ చూడలేనని, ఆ డాబా షాట్ తీసేయమని అడిగారు. ఆలోచించి చెప్తానన్నాను.

సలీం భాయ్‌కి ఇంకో ఉపాయం తోచింది. నీ పాత నవ్వు ఒకటి తెచ్చి కంప్యూటర్‌లో ఈ షాట్‌కి అతికించేయొచ్చట. నువ్వు లేచి కూర్చుని నవ్వుతావట. అతుకు ఎవరికీ తెలియదట. చేసి చూపించాడు కూడా. చూశాను... అచ్చం నువ్వే. నువ్వు కాదు. చెయ్యి పట్టుకుని ఆపేశాను. "అబద్ధం చెప్పనీకి పాత నౌకరి ఉండె, గీడ వద్దు" అని నువ్వే కదా అనేవాడివి. పాపం, ఆయనా నీ మీద ప్రేమతోనే చేశాడు. అప్పుడే తుడిపేశాడు.

అప్పుడు నేను ఒక పని చేశాను. బడి అయ్యాక లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, ఆ ముగ్గురి ఇళ్ళకీ వెళ్ళాను. మూడో అంతస్తు గదులు, మోకాలు తిట్టుకుంది. షాట్ తీసేయాలా వద్దా అని అడగలేదు. మీ నవ్వు ఒకసారి చూడండి అన్నాను, అంతే. వాళ్ళు నవ్వారు గానీ ఆ నవ్వుని వాళ్ళెప్పుడూ చూడలేదు కదా! హీరో తాత తన నవ్వు చూసుకుని, ఇంత మంచిగ నవ్వుతనా అని భార్యని పిలిచాడు. మనవడిని పిలిచాడు. మూడుసార్లు చూశాడు. పెళ్ళికూతురి తండ్రి కూడా ఉంచమన్నాడు. రెండో పెళ్ళాం వేషాలామె మాత్రం చూసి, బాగుంది సుభద్రమ్మా, అయినా వద్దు, ఇంట్ల పిల్లలున్నరు అంది. ఆమెది తీసేశాను. "అడిగి తీసినం, అడిగితే తీసేస్తం." ఇది నీ మాటే. ఎంత మంచి షాటో తెలుసా? పళ్ళు కొరుక్కుంటూ తీసేశాను.

మిగిలింది నీ షాట్.

నర్సవ్వను ఎడిటింగ్ రూమ్‌కి తీసుకెళ్ళాను. చేతి కర్రతో మెట్లెక్కింది. ఇప్పుడు ఏడవడానికి పిలిచినా వెళ్ళడం లేదట, కన్నీళ్ళు రావడం లేదంది. నిన్ను పాడె మీద చూసి కుర్చీ ముందుకి జరుపుకుంది. నా వేలి సంగతి చెప్పాను. ఎవరికీ పూర్తిగా చెప్పనిది ఆమెకి చెప్పాను. ఆమె తెర వైపే చూస్తూ అంది. నవ్వు పీనుగ కోసం కాదు బిడ్డా, ఏడ్చినోళ్ల కోసం. లేచినోడు నవ్వకుంటే ఏడ్చినోళ్లు ఇంటికెట్ల పోతరు? మేం మస్తుసార్లు గట్లనే ఇంటికి పోయినం, ఏం గాలే. నువ్వు గూడ పో.

నా వేలి మీద బరువు అక్కడే దిగిందని అబద్ధం చెప్పను. కానీ ఆ రోజు ఇంటికెళ్ళి నిద్రపోయాను.

బావగారితో నిన్న మాట్లాడాను. షాట్ ఉంటుందని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. నేనూ మాట మార్చలేదు. సినిమాలో అందరి చావులూ చూపించి మన ఇంటి చావు దాచితే, నర్సవ్వ మొహం నేను చూడలేను బావగారూ అన్నాను. ఆయన లేచి వెళ్తూ, ఆదివారం హాలుకి కుర్చీలు సరిపోతయా అని అడిగారు. ఆ షాట్ వచ్చినప్పుడు బయటికి పోయి నిల్చుంటరట. నిల్చోనీ. హాలుకైతే వస్తున్నారు కదా.

ఇక నిన్న సాయంత్రం. సలీం భాయ్ ఆ షాట్ చివరి దాకా ఉంచి, అక్కడ ఆపాడు. బొమ్మ ఉంది, శబ్దం లేదు. శబ్దం తీసేశావెందుకని అడిగాను. భాభీ, ఆఖర్ల మీ గొంతు పడ్డది, రెండు ముక్కలే, తీసేసిన, పాడుగొడ్తది అన్నాడు. నేనేమన్నానో నాకు గుర్తే లేదు. వినిపించమన్నాను.

హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. డాబా మీద గాలి. ఎవరింట్లోనో కుక్కర్ కూత. నువ్వు కదలకుండా పడుకుని ఉన్నావు, మెడలో నేను వేసిన దండ. నా గొంతు వచ్చింది. విసుగ్గా, కొంచెం భయంగా, ఇంట్లో మాట్లాడే గొంతు. తర్వాత బటన్ టక్కుమంది.

ఎంతసేపు ఏడ్చానో సలీం భాయ్‌ని అడగాలి. పాపం బయటికి వెళ్ళి నిలబడ్డాడు. తిరిగొచ్చాక ఆ మాట ఉంచమని చెప్పాను. దాని తర్వాత సంగీతం వద్దు, పేర్లు కూడా కాసేపు ఆగి వేయమన్నాను. బటన్ ఎవరు నొక్కారో అందరూ విననీ. నీ నవ్వు లేదు, నా తప్పు ఉంది, రెండూ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. నువ్వున్నా ఇంతే చేసేవాడివి. కాదంటావా?

పోస్టర్ మీద చివరికి ఒకటే రాశాను. నటుడు, తర్వాత డాక్యుమెంటరీలు తీశాడు, గొంతు అతనిదే.

ఆదివారం ముందు వరసలో నర్సవ్వ పక్కన కూర్చుంటాను. చివరి షాట్ వచ్చినప్పుడు కళ్ళు మూసుకోను, మాటిస్తున్నాను. తెర మీద నువ్వు పడుకుని ఉంటావు, నా గొంతు హాలంతా వినపడుతుంది.

"ఇక లేవయ్యా, అన్నం చల్లారిపోతోంది."

నీ
సుభద్ర